చూపు గెంతుల వెనుక మెదడు

పలమనేరు బస్టాండులో తన బస్సు వెతుక్కునే మనిషి కళ్లను గమనించండి. చిత్తూరు, మదనపల్లె, కుప్పం, బెంగళూరు అంటూ ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు ఆ చూపు సాఫీగా జరగదు, గెంతుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మనందరి కళ్లూ సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా గెంతుతూనే ఉంటాయి. వైద్యులు ఈ కదలికను సకాడ్ అంటారు. రెటీనా నడుమ ఉన్న చిన్న గుంట మీద పడిన బొమ్మే మనకు స్పష్టంగా కనబడుతుంది. అందుకని ఏం చూడాలన్నా కన్ను అటు తిరగాల్సిందే. పెద్ద గెంతులో దాని వేగం సెకనుకు 500 డిగ్రీలు దాటుతుంది.

ఇంత జరుగుతున్నా మనకు తెలియదు. అద్దం ముందు నిలబడి ఎడమ కన్ను నుంచి కుడి కన్నుకు చూపు మార్చండి. పక్కనున్నవారికి మీ కళ్లు కదలడం కనబడుతుంది, మీకు కనబడదు. గెంతు సాగే ఆ కాస్త సమయమూ మెదడు చూపును అణిచిపెడుతుంది.

ఈ గెంతులను తొలిరోజుల్లో పట్టించింది చెవి. 1879లో ప్రాగ్ నగరంలో ఎవాల్డ్ హెరింగ్ కనురెప్పల మీద గొట్టాలు ఆనించి, చదివేటప్పుడు కంటి కండరాలు చేసే చప్పుడు విన్నాడు. ఆ చప్పుడు ఎడతెగకుండా రాలేదు, ఆగి ఆగి వచ్చింది. ఆ రోజుల్లోనే పారిస్‌లో ఎమిల్ జవాల్ ప్రయోగశాల కూడా చదువరుల కంటి కదలికల మీద పనిచేసింది. తర్వాత అమెరికాలో రేమండ్ డాడ్జ్ కంటి మీద మెరిసే వెలుగును ఫొటో తీసి కదలికలను నమోదు చేశాడు. 1903లో వాటిని ఐదు రకాలుగా విడదీశాడు.

మరి వీటిని నడిపేదెవరు? 1870లలో డేవిడ్ ఫెరియర్ కోతుల మెదడు ముందు భాగానికి విద్యుత్తు తగిలిస్తే కళ్లు అవతలి వైపుకు తిరిగాయి. ఆజ్ఞ పుట్టే చోటు ఒకటి దొరికింది గానీ, ఆ ఆజ్ఞ ఏ రూపంలో కండరాన్ని చేరుతుందో తెలియడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డేవిడ్ రాబిన్సన్ 1963లో సన్నని తీగచుట్టను కంటికి అమర్చి, అయస్కాంత క్షేత్రంలో కదలికను కచ్చితంగా కొలిచే పద్ధతి తెచ్చాడు. ఆ కొలతల నుంచి తేలింది ఇది: మిట్ట మీదికి బండిని ఎక్కించేటప్పుడు ముందు ఒక్క ఉదుటున తోసి, తర్వాత వెనక్కు జారకుండా పట్టి ఉంచినట్టే మెదడు కన్నును నడుపుతుంది. మొదట జోరైన సంకేతం, ఆ తర్వాత నిలిపి ఉంచే సంకేతం.

1970లలో ఒక్కో నాడీకణం పని బయటపడింది. నడిమెదడులోని సుపీరియర్ కాలిక్యులస్‌లో గెంతు దిశనూ దూరాన్నీ చూపే పటమే ఉందని తేలింది. అడ్డంగా గెంతించే జోరు సంకేతం మెదడుకాండంలోని పాన్స్‌లో, నిలువు గెంతులది నడిమెదడులో పుడుతుంది. అనవసరంగా గెంతకుండా ఆపే కణాలు వేరే ఉన్నాయి. గెంతు గురి తప్పితే దిద్దేది చిన్నమెదడు.

ఈ చరిత్రలో మన దేశానిదీ ఒక ముఖ్యమైన పుట ఉంది. నడక తూలే జబ్బు వంశపారంపర్యంగా ఉన్న తొమ్మిది కుటుంబాలను బొంబాయిలో నోషిర్ వాడియా, స్వామి అనే వైద్యులు పరిశీలించారు. వారిలో కంటి గెంతులు విపరీతంగా నెమ్మదించాయని గుర్తించి, 1971లో ‘బ్రెయిన్’ పత్రికలో ప్రకటించారు. యంత్రాలకంటే ముందు వైద్యుడి చూపే పట్టుకున్న లక్షణం అది. కారణమైన జన్యువు 1996లో దొరికింది. వాడియా బృందం 1998లో భారతీయ కుటుంబాల్లో జన్యుపరీక్షలు జరిపి, ఆ జబ్బు ఎస్‌సీఏ2 (స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా రెండో రకం) అని, దాన్ని గుర్తించడంలో నెమ్మది గెంతులు విలువైన ఆనవాలని చూపింది. ఈ జబ్బులో పాన్స్‌లో జోరు సంకేతం పుట్టించే ఆ కణాలు కూడా నశిస్తాయి.

ఇంత చరిత్ర ఇచ్చిన ఫలం పైసా ఖర్చు లేని పరీక్ష. వైద్యుడు ఒక చేతి వేలు, ఇంకో చేత పెన్ను ఎడంగా పట్టుకుని, “పెద్దాయనా, తల కదపకుండా ఒకసారి వేలు చూడండి, ఒకసారి పెన్ను చూడండి” అంటే చాలు. చూపు చటుక్కున దూకిందా, ఈడ్చుకుంటూ పోయిందా అన్నది కళ్లెదుటే తెలుస్తుంది. పల్లె ఆస్పత్రిలోనైనా చేయదగిన పని ఇది, తప్పక చేయాలి కూడా.

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి నడక తూలుతూ, మాట ముద్దగా మారుతూ, చూపు నెమ్మదిస్తుంటే దాన్ని శాపమనీ వయసు మీదపడిందనీ వదిలేయకండి. ఎస్‌సీఏ2ను నయం చేసే మందు ఇంకా లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. అయినా జబ్బు పేరు తెలిస్తే వ్యాయామం, పడిపోకుండా జాగ్రత్తలు, పెళ్లికీ పిల్లలకూ ముందు జన్యు సలహా అందుతాయి. పలమనేరు వాసులకు తిరుపతి స్విమ్స్, 1949 నుంచే నాడీ వైద్యానికి పేరున్న వేలూరు సీఎంసీ ఆస్పత్రులు అందుబాటులోనే ఉన్నాయి. ఆలస్యం చేయకుండా నరాల వైద్యుడికి చూపించండి.