జహీరాబాద్ చెలకల్లో తిండి లెక్క

1983లో తెలుగునాట రెండు సంగతులు జరిగాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది పి.వి. సతీష్, ఆయన మిత్రులు కలిసి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. మొదటిది ఊరూరా మారుమోగింది, రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పదేళ్లు తిరిగేసరికి ఆ రెండూ జహీరాబాద్ పల్లెల్లో ఎదురెదురుగా నిలిచాయి.

అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, బీదర్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతమిది. ఎర్ర గరుసు నేలలు, అక్కడక్కడా నల్లరేగడి, వానమీదే సేద్యం. పూటకింత జొన్న రొట్టె, గట్క, అంబలి. వరి బువ్వ పండుగకో, చుట్టం వస్తేనో. రేషన్ బియ్యం రావడంతో ఆకలి కొంత తీరిన మాట నిజం. కానీ సర్కారు కొనేదీ బియ్యమే, పంచేదీ బియ్యమే అయ్యాక జొన్నను అడిగేవాళ్లు తగ్గారు. తినేవాళ్లు లేని పంట వేసేదెవరు? ఎకరా, రెండెకరాలున్న పేదల చెలకలు పడావు పడ్డాయి.

అలాగని బియ్యం రాకముందు అంతా బాగుందనుకుంటే పొరపాటే. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్ బృందం జొన్న తినే పేదల్లో పెల్లాగ్రాను గమనించింది. మెడ మీద, చేతుల మీద ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి గరుకెక్కే జబ్బది. నయాసిన్ అనే విటమిన్ కొరత వల్ల వస్తుంది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం అందుకు ఒక కారణం కావచ్చని ఆ శాస్త్రవేత్తలు 1960లో ప్రతిపాదించారు. పప్పూ కూరా పాలూ లేక, మూడు పూటలా జొన్న ఒక్కటే తిన్నవాళ్ల కథ అది.

జహీరాబాద్ చేనులో మాత్రం జొన్న ఒంటరిగా ఎప్పుడూ లేదు. జొన్న సాళ్ల మధ్య కంది, పక్కన పెసర, మినుము, అనుములు, బొబ్బర్లు, గట్టు వెంట పుంటికూర. చలికాలం నల్లరేగడిలో మంచు తడికే పండే శనగ, కుసుమ, అవిసె. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో దండిగా దొరుకుతుంది కాబట్టి రొట్టె, పప్పు కలిస్తే మాంసకృత్తులకు లోటుండదు. విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలి, జొన్నచెంచలి సరేసరి. బయటివాళ్లకు అవి కలుపు, కోసుకొచ్చే ఆడవాళ్లకు ఆ పూట కూర. కలుపు మందు కొట్టిన చేలో ముందు మాయమయ్యేది ఇవే. మార్గశిర అమావాస్యకు ఈ సరిహద్దు పల్లెలు చేసుకునే ఎల్లమాస పండుగనాడు చేనులోనే కూర్చుని తినే భజ్జికూరలో పచ్చి గింజలు, ఆకుకూరలు, కాయగూరలు అన్నీ ఒకే కుండలో ఉడుకుతాయి. పక్కన జొన్న రొట్టె, సజ్జ రొట్టె.

1990ల నడుమ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన ఊరూరి మహిళా సంఘాలు తమ రేషన్ తామే నడపాలని పూనుకున్నాయి. సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. ముప్పైకి పైగా గ్రామాల్లో పడావు భూములు దున్నడానికి, పెంటకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. దాన్ని డబ్బుగా కాక, ఏటా ఇన్ని జొన్నలని ఐదేళ్లలో తీర్చాలి. ఆ గింజలు ఊరు దాటవు. ఎవరు నిరుపేద, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఏ ఆఫీసరూ రాయలేదు. ఊరివాళ్లే నేల మీద రంగుపొడులతో ఊరి పటం గీసి, ఇంటింటినీ లెక్కగట్టి తేల్చారు. వానాకాలంలో గింజలు కరవైనప్పుడు ఆ ఇళ్లకు జొన్నలు చవగ్గా అందేవి. విత్తనాలకూ అదే పద్ధతి: మట్టి అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచడం, అడిగినవాళ్లకు ఇచ్చి పంటయ్యాక ఇచ్చినదానికి మించి తిరిగి తీసుకోవడం.

ఈ మహిళలు చేతలతో చెప్పినదాన్ని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు అంకెల్లో చూపిస్తాయి. వంద గ్రాముల తెల్లబియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములైతే జొన్నలో దాదాపు 4, సజ్జలో 6.4. కాల్షియం బియ్యంలో 7.5 మిల్లీగ్రాములు, తైదల్లో, అంటే రాగుల్లో, 364. పీచు బియ్యంలో 2.8 గ్రాములు, జొన్నలో పది.

సంక్రాంతికి మొదలై నెలరోజులు సాగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్లు విత్తనాల బుట్టలతో ఊరి నుంచి ఊరికి కదులుతాయి. 2008 అక్టోబర్ 15న మాచునూరులో మొదలైన సంఘం రేడియో ఆ పాత పంటల కబురునే గాలిలోకి పంపింది. మైకు ముందు కూర్చున్నదీ పల్లె మహిళలే. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఆ ఏడాది మార్చిలోనే సతీష్ కన్నుమూశారు.

ఇప్పుడు హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కొర్రలు, సామలు అందమైన పొట్లాల్లో దొరుకుతున్నాయి. కొనేవాళ్లు పొట్లం మీది ధరతో పాటు చూడాల్సింది ఇంకొకటుంది: తెల్లగా పాలిష్ పట్టిన కొర్రల్లో తవుడు పోతుంది, దానితో పాటే పీచు, ఖనిజాలు కొంత పోతాయి. షుగరుకు మందని కొర్రలొక్కటే తినేవాళ్లకు పెల్లాగ్రా పాఠం పనికొస్తుంది, ఏ గింజైనా పక్కన పప్పు, ఆకుకూర ఉంటేనే భోజనం నిండుతుంది. రేషన్ దుకాణం సంగతి వేరు. 2013 ఆహార భద్రతా చట్టం చిరుధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాసింది. తెలంగాణలో మాత్రం 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున ఉచితంగా పంచుతున్నది సన్న బియ్యం.