సగము గీచిన చాలును

స్తంభము పైకి పోవుకొలది సన్నబడును. పడవ మొనవైపునకు సన్నబడును. నూలు వడకు కదురు, తమలపాకు, దీపపు శిఖ, ఇవన్నియు ఆ జాతివే. వీని అంచులు తిన్నని గీతలు కావు, కొంచెము ఉబికి, పిదప మొన దిశగా ఒదిగిపోవును. పైగా ఎడమవైపున నున్న వంపే కుడివైపునను ఉండవలెను. శ్రోతలలో ఎవరైనను కాగితముపై చేతితో ఒక తమలపాకును గీచి చూచినచో ఇందలి చిక్కు తెలిసిపోవును. ఒక అంచు ముచ్చటగా కుదిరినచో రెండవది దానితో తగవులాడును. పండుగనాడు రంగుకాగితములు కత్తిరించు పిల్లలు మాత్రము ఈ బాధ యెరుగరు. వారు కాగితమును నడిమికి మడిచి సగము ఆకును మాత్రమే కత్తిరింతురు. విప్పినచో పూర్తి ఆకు వచ్చును.

ఆకు విషయమున ఇది ఆటయే. ఇరువది మీటర్ల రాతి స్తంభమును చెక్కవలసినవానికి ఇది ఆట కాదు. గ్రీకులు తమ ఆలయ స్తంభములకు నడుమ ఒక స్వల్పమైన ఉబుకు నుంచెడివారు. దానిని వారు ఎంటాసిస్ అనిరి. ఏథెన్సు నందలి పార్థెనాన్ స్తంభములు సుమారు 10.4 మీటర్ల ఎత్తు గలవి. వానిలో ఈ ఉబుకు రెండు సెంటీమీటర్లయినను లేదు. ఫ్రాన్సిస్ పెన్రోజ్ అను ఆంగ్లేయుడు 1846, 1847 సంవత్సరములలో అచట కొలతలు తీసి, 1851లో ప్రకటించిన పిమ్మట గాని ఆ సూక్ష్మత లోకమునకు చక్కగా తెలియలేదు. అంత స్వల్పమైన వంపును అన్ని స్తంభములకును ఒకే తీరున ఎట్లు తెచ్చిరన్నది పెద్ద ప్రశ్న. రోమను వాస్తుశాస్త్రకారుడు విట్రూవియస్ తన గ్రంథమున ఎంటాసిస్‌ను పేర్కొని, దాని విధానమును మూడవ భాగము చివర పటముగా చూపుదునని వ్రాసెను. గ్రంథము మనకు దక్కినది, పటము దక్కలేదు. పండితులు శతాబ్దముల తరబడి ఆ లేని పటమును ఊహించుచు కూర్చుండవలసివచ్చెను.

జవాబు 1979లో దొరకినది. దొరకిన చోటు నేటి తుర్కీ దేశపు పడమటి తీరమున, ప్రాచీన మిలేటస్ నగరమునకు సమీపమున నున్న డిడిమా. అచటి అపోలో ఆలయమును క్రీస్తుపూర్వము 494లో పారసీకులు ధ్వంసము చేసిరి. అలెగ్జాండరు కాలము తరువాత, క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున, క్రొత్త ఆలయమునకు పని మొదలయ్యెను. ఎఫెసస్ వాడైన పయోనియస్, మిలేటస్ వాడైన డాఫ్నిస్ దాని స్థపతులని విట్రూవియస్ చెప్పుచున్నాడు. స్తంభములు ఇంచుమించు 20 మీటర్ల ఎత్తు. పని శతాబ్దముల పాటు సాగి సాగి, ముగియకయే ఆగిపోయెను. నేడు పూర్తి ఎత్తున నిలిచియున్న స్తంభములు మూడే. వానిలో ఒకదానికి నిలువు గాడులు చెక్కుట కూడ జరుగలేదు.

లోథార్ హాసెల్‌బెర్గర్ అను జర్మను పండితుడు ఆ ఆలయపు లోపలి ఆవరణలో గోడలను పరిశీలించుచుండగా, రాతిపై వెండ్రుక వంటి గీతలు కనబడెను. అవి పగుళ్లు కావు. వృత్తలేఖినితోను, బద్దతోను, సన్నని ఇనుప మొనతోను గీచిన పటములు. వాని లోతు అర మిల్లీమీటరునకు మించదు. అన్నియు కలిసి సుమారు 200 చదరపు మీటర్ల గోడను ఆక్రమించియున్నవి. గోడకు ముందుగా ఎఱ్ఱరంగు పూసి, దానిపై గీత తెల్లగా కనబడునట్లు గీచిరని పండితుల భావన. స్థపతి పటములను కాగితముపై గాక, తాను కట్టుచున్న కట్టడము మీదనే, చాలవరకు నిజప్రమాణమున గీచెనన్నమాట! పనివాడు కొలత కావలసినప్పుడు గోడవద్దకు పోయి కొలుచుకొనెడివాడు.

ఆ పటములలో ఒకటి స్తంభమునది. నిజప్రమాణమున గీయుటకు 18 మీటర్ల పొడవు గల కాండమునకు గోడ చాలినను, అంత ఎత్తున ఎవరు కొలుతురు? అంతకంటె పెద్ద కష్టము వేరొకటి కలదు. అంత స్వల్పమైన వంపునకు తగిన వృత్తమును నిజముగా గీయవలెనన్న దాని వ్యాసార్ధము వందల మీటర్లుండును. అంత త్రాడు పట్టి గీయుటకు స్థలమెచట? డిడిమా స్థపతి చేసినదేమనగా, వెడల్పును నిజప్రమాణముననే ఉంచి, ఎత్తును మాత్రము పదునారవ వంతునకు కుదించెను. గ్రీకుల అడుగునకు పదునారు అంగుళులు. కావున పటములో ఒక అంగుళి ఎత్తు స్తంభములో ఒక అడుగు. పదునెనిమిది మీటర్ల కాండము మీటరుకు కొంచెము పైగా పొడవుగల పటములో ఇమిడిపోయెను. అందులో సుమారు మూడు మీటర్ల వ్యాసార్ధముతో ఒక చాపము గీచిన చాలును. ఆ చాపమును మరల పదునారు రెట్లు నిలువునకు సాగదీసినట్లు భావించినచో అది వృత్తము కాదు, దీర్ఘవృత్తపు ముక్క యగును. దాని వంపు దాదాపు ఎనిమిది వందల మీటర్ల వ్యాసార్ధము గల వృత్తపు వంపునకు సమానము.

అయితే నిజముగా సాగదీయువారెవరు? ఎవరును అక్కరలేదు. అంగుళికొక అడ్డగీత గీయబడియున్నది. శిల్పి తాను చెక్కుచున్న రాయి ఎన్నవ అడుగున కూర్చుండునో ఎరుగును. ఆ గీతపై నడిమి అక్షమునుండి వంపు వరకు ఎంత దూరమో కొలుచుకొని, రాతి నడిమినుండి అంతే దూరమును చుట్టును త్రిప్పినచో సరి. ఎడమ, కుడి అను ప్రశ్నయే లేదు. ఒక్క అంచు నిర్ణయమైనచో స్తంభమంతయు నిర్ణయమైనట్లే. మా దృష్టిలో ప్రాచీన యంత్రకళలో ఇంతకంటె పొదుపైన పటము మరియొకటి అరుదు.

ఈ పటము మనకు దక్కుట యాదృచ్ఛికము. గోడలకు తుది నునుపు పెట్టుటతో గీతలన్నియు మాసిపోవలసినవి. ఆలయము పూర్తికానందున ఆ నునుపు జరుగలేదు. పూర్తియైన ఆలయములలో ఇట్టి పటములెన్ని అరిగిపోయినవో!

పటము కనబడని శతాబ్దములలో ఇతరులు తమ త్రోవలు తాము వెదకికొనిరి. ఇటలీలో విన్యోలా 1562లో ప్రకటించిన గ్రంథమున వృత్తమును భాగములు చేసి ఆ బిందువులనుండి వంపు తీయు పద్ధతి చెప్పెను. పల్లాడియో 1570లో అంతకంటె సులువైన మార్గము చూపెను. కాండపు క్రింది మూడవ వంతును తిన్నగా విడిచి, అచటినుండి పలుచని పొడవైన బద్దను పై కొన వరకు వంచుమనెను. బద్ద తనంతట తాను ఏ వంపు తిరుగునో అదియే వంపు. పడవలు కట్టువారికిని ఈ బద్దయే ఆధారము. దానిని సీసపు దిమ్మెలతో అచ్చటచ్చట అదిమి, పడవలో సగము వెడల్పును మాత్రమే గీచెడివారు. పడవకు రెండు ప్రక్కలును ఒకటే గనుక రెండవ సగమును గీచుట వృథాశ్రమ.

ఇరువదవ శతాబ్దమున బద్దకు బదులు గణితము వచ్చెను. ఫ్రాన్సులో సిట్రోయెన్ మోటారు సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959లో ఒక పద్ధతి కనుగొనెను; సంస్థ దానిని రహస్యముగా నుంచెను. రెనో సంస్థలోని పియెర్ బెజియే వేరుగా అదే వంపునకు చేరి, బయటికి ప్రకటించెను. అందుచే పేరు బెజియేకు దక్కినది. ఈ వంపునకు రెండు కొనలు, వానిని లాగు రెండు పిడులు ఉండును. పిడిని ఎటు లాగిన వంపు అటు ఒరుగును. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 1963లో స్కెచ్‌ప్యాడ్ అను కార్యక్రమముతో, కంప్యూటరు తెరమీద కాంతికలముతో బొమ్మ గీయుట చూపెను.

గీచినదానిని కోయు కాంతియు ఆ సంవత్సరములలోనే పుట్టెను. థియడోర్ మైమన్ 1960లో తొలి లేజరును వెలిగించెను. మన దేశమున బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ప్రయోగశాలయందు కార్బన్ డయాక్సైడు లేజరును నిర్మించెను. నేడు కొయ్యను, అట్టను, ఆక్రిలిక్ పలకలను కోయు యంత్రములలో పెక్కింటిలో ఆ జాతి లేజరే కలదు. ఇంగ్లండులో 1967లో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ ఆక్సిజను ధార తోడుగా ఉక్కురేకును లేజరుతో కోసెను.

ఇట్టి యంత్రమునకు కదురు ఆకారము గీయువారు నేటికిని సగమే గీయుదురు. నడిమి అక్షమునకు ఒక ప్రక్కన బెజియే వంపు నుంచి, దానికి అద్దములోని ప్రతిబింబము వంటి ప్రతిని రెండవ ప్రక్కకు త్రిప్పి, కలిసిన కొనలను ఒకటిగా ముడివేయవలెను. ముడి మరచినచో కంటికి ఒకటిగా కనబడినను, యంత్రము దానిని రెండు విడిగీతలుగానే యెంచును. కొన గుండ్రముగా రావలెనన్న అచటి పిడి అక్షమునకు లంబముగా నుండవలెను. లేనిచో మొన యేర్పడును. ఆకునకు అది శోభ, గరిటె కొనకు లోపము. డిడిమా ఉపాయమును ఇచటను చేయవచ్చును. చిన్న వృత్తమును గీచి నిలువున పదునారు రెట్లు సాగదీయుమనిన యంత్రము క్షణములో సాగదీయును.

ఇన్ని కుదిరినను చివర ఒక సూక్ష్మము మిగులును. లేజరు కిరణమునకు తన వెడల్పు తనకున్నది. కోత పొడుగునను మిల్లీమీటరులో కొన్ని పదవ వంతుల వెడల్పున పదార్థము దగ్ధమైపోవును. గీతమీదనే కోసినచో దానిలో సగము మన ముక్కనుండియే పోవును. కావున కొలత ఖచ్చితముగా కావలసినవారు ఆ సగమంత దూరమున గీతను వెలుపలికి జరిపి కోయుదురు. అయినను దళసరి పలకను కోసి అంచును వెలుతురులో పట్టి చూచినచో, కోత సందు పైన కొంచెము వెడల్పు, క్రింద కొంచెము ఇరుకు. కిరణము కటకము దాటి ఒకచోట కూడి, పిదప విప్పారును గనుక, ఎవరును గీయకయే ఆ సందు కూడ ఇరుప్రక్కల సమముగా సన్నబడియే యుండును.