కొత్త విమానాన్ని మొదట ఎక్కేవాళ్ళు

మా ఇబ్రహీంపట్నం చెరువు మీదుగా విమానం పోతే పిల్లలింకా తలెత్తి చూస్తారు. దాన్ని మొట్టమొదట నమ్మి ఎక్కిందెవరో మాత్రం అడగరు.

ఒట్టి ధైర్యంతో అయ్యే పని కాదండీ అది. యుద్ధకాలంలో కొత్త విమానాలతో పాటు పైలట్లూ పోతుంటే, 1943లో ఇంగ్లండులో టెస్ట్ పైలట్లకొక బడి పెట్టారు. అక్కడ నేర్చిన మన సురంజన్ దాస్ 1961లో మరుత్ విమానాన్ని బెంగుళూరులో తొలిసారి ఎగరేశాడు. 1970లో అదే రకం విమానం కూలి ప్రాణం విడిచాడు. డెబ్బయిలలో మన వైమానిక దళానికీ బెంగుళూరులో అలాంటి బడి వచ్చింది.

చేరేవాళ్ళు అప్పటికే ఆరితేరిన పైలట్లు. మరి నేర్పేదేమిటంటారా? విమానాన్ని కావాలనే పట్టు తప్పనిచ్చి, మళ్ళీ నిలబెట్టి, అప్పుడు వేగమెంత, ఎత్తెంత అన్నది కిందికొచ్చి రాయడం. "బాగా ఎగిరింది" అంటే చాలదు. కూర బాగాలేదనడం వేరు, ఉప్పు ఎంత తగ్గిందో చెప్పడం వేరు కదా!

నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్ళొచ్చాక హెచ్.ఏ.ఎల్.లో ఈ పనే చేశాడు. 2024లో గగన్‌యాన్‌కు ప్రకటించిన నలుగురూ టెస్ట్ పైలట్లే. వారిలో ఆడపిల్ల లేదేమంటే, ఎంపిక నాటికి ఆ చదువు చదివిన ఆడ పైలట్ లేకపోవడమేనన్నారు. దుండిగల్‌లో ముగ్గురమ్మాయిలు యుద్ధవిమాన పైలట్లయిందే 2016లో మరి! 2021లో ఆశ్రిత ఓలేటి ఆ బెంగుళూరు బడిలోనే ఫ్లైట్ టెస్ట్ ఇంజనీరుగా నెగ్గింది. కొత్త విమానం ఎగిరేటప్పుడు పైలట్‌తో కలిసి లెక్కలు తేల్చడం ఆమె పని.