గడప లోపలికి వచ్చిన చట్టం

భర్త భార్యను కొడితే అది ఆ ఇంటి గుట్టు, బయటివారు కల్పించుకోరాదు అని మన సమాజంలో చాలాకాలం అనుకుంటూ వచ్చారు. ఆ గడప దాటి చట్టం లోపలికి ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేయగలిగిందో మనం తెలుసుకోవడం అవసరం.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన మెట్టు ముస్లిం స్త్రీల కోసం వేసినదే. బ్రిటిషు కాలంలో కోర్టులు హనఫీ సూత్రాలను అనుసరించేవి. భర్త ఎంత హింసించినా భార్యకు కోర్టులో విడుదల దొరకడం దాదాపు అసాధ్యం. వేరే దారి కానరాక కొందరు స్త్రీలు మతాన్నే వదులుకున్నారు. ఈ దుస్థితి చూసి మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ గారు, మాలికీ సంప్రదాయాన్ని అనుసరించి ఇటువంటి స్త్రీలకు ఊరట కలిగించవచ్చునని గ్రంథం వ్రాశారు. కేంద్ర శాసనసభలో కాజ్మీ గారు బిల్లు పెట్టారు. ఫలితంగా 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త అలవాటుగా కొట్టినా, చేయి చేసుకోకుండానే క్రూర ప్రవర్తనతో బ్రతుకు దుర్భరం చేసినా, భార్య వివాహ రద్దు కోరవచ్చు. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం విడాకులకు కారణంగా చేరింది 1976లో మాత్రమే.

అయితే ఆ చట్టం బయటికి దారి చూపింది గాని, కొట్టినవాడికి శిక్ష వేయలేదు. వరకట్న చావులపై దేశమంతటా ఆందోళన రేగాక 1983లో శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేర్చారు. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. దీనిపై వాదోపవాదాలు నేటికీ ఆగలేదు. అత్తమామలను, ఆడబిడ్డలను కూడా ఇరికిస్తున్నారని ఒక వాదన. కేసు పెట్టేదాకా రావడమే గొప్ప, పెట్టినా రుజువు కావడం కష్టమని మరో వాదన. ఆలోచించకుండా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఫిర్యాదులను ముందుగా కుటుంబ సంక్షేమ కమిటీలు చూడాలని 2017లో అన్నది, 2018లో ఆ ఏర్పాటును తొలగించింది. 2024 జూలై నుంచి ఈ నేరం భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లలో ఉంది.

భర్త జైలుకు పోతే ఇల్లు గడిచేదెలా? చాలామంది ఆడవాళ్ళు అడిగేది "దెబ్బలు ఆగాలి, తలదాచుకోను చోటుండాలి" అని. ఈ అవసరానికే 2005లో గృహహింస చట్టం చేశారు. 2006 అక్టోబరులో అమలులోకి వచ్చింది. తిట్లు, బెదిరింపులు, ఖర్చులకు డబ్బివ్వకపోవడం కూడా హింసే అన్నది. ఇల్లు ఎవరి పేర ఉన్నా ఆమెకు అందులో ఉండే హక్కు ఇచ్చింది. కాని అత్తగారి సొంత ఇల్లు ఆ లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పడంతో ఎందరో నష్టపోయారు. దానిని సరిదిద్దడానికి 2020 దాకా పట్టింది. అరవై రోజుల్లో దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, నెలలు, ఏళ్ళు గడుస్తున్నాయి. రక్షణాధికారులకు చాలాచోట్ల ఇది అదనపు పని.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. అంటే చట్టం పనిచేస్తుందా లేదా అన్న చర్చకు ముందే, ఎక్కువమంది ఆ చట్టం దాకా రావడమే లేదు. "సర్దుకుపో బేటీ" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నారు.

1939 చట్టం రాకముందే పండితులు ఆడవారి కష్టం చూసి దారి వెదికారు. నేడు చట్టాలు ఉన్నాయి. వాటి దాకా ఆమెను చేయిపట్టి తీసుకువెళ్ళేవారే తక్కువ. మన ఇంటి ఆడపడుచు ఏడుస్తూ వచ్చిన రోజున తలుపు మూయకుండా, ఆమె మాట పూర్తిగా విని, వెంట నడుద్దాం. ఈ చట్టాలకు బలం అక్కడినుంచే రావాలి.