పేగులో చేతులు మారిన జన్యువులు: ఔషధ నిరోధకత చరిత్రలో ఒక మలుపు

1. ప్రవేశిక

వారసత్వం అనే మాటకు తల్లిదండ్రుల నుంచి సంతానానికి అందేది అనే అర్థం మనలో స్థిరపడి ఉంది. జన్యుశాస్త్రం కూడా చాలాకాలం ఆ అర్థాన్నే ఆధారం చేసుకుంది. యాంటీబయోటిక్ మందులకు లొంగని పేగు బాక్టీరియా ఈ భావనను విస్తరించుకోవలసిన అవసరం కల్పించింది. 1950లలో జపాన్‌లో జరిగిన పరిశోధన ఆ మార్పుకు ఎలా దారితీసిందో, దాని పర్యవసానాలు పసిపిల్లల ప్రాణాలతో ఎలా ముడిపడ్డాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నాలుగు మందులు, ఒకే కణం

1897లో జపాన్‌లో రక్త విరేచనాలు ప్రబలినప్పుడు వాటికి కారణమైన బాక్టీరియాను కియోషి షిగా గుర్తించాడు. ఆయన పేరు మీదుగానే ఆ ప్రజాతికి షిగెల్లా అనే పేరు ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ వ్యాధికి సల్ఫా మందులను విరివిగా వాడారు. కొన్నేళ్లకే అవి నిష్ఫలం కావడంతో స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ వాడుకలోకి వచ్చాయి. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాడు సారథ్యం వహించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు 1948లో లోకానికి తెలిసింది.

ఏడేళ్లు గడిచేసరికి, 1955లో, హాంకాంగ్ నుంచి జపాన్‌కు తిరిగివచ్చిన ఒక స్త్రీలో ఈ నాలుగు రకాల మందులకూ లొంగని షిగెల్లా కనిపించింది. నిరోధకత యాదృచ్ఛికమైన ఉత్పరివర్తనం వల్ల కలుగుతుందన్నది అప్పటి అవగాహన. ఒక్కో మందు విషయంలో కోటి కణాలకు ఒకటి మారుతుందని అనుకుంటే, నాలుగు మార్పులూ ఒకే కణంలో ఒకేసారి కలిగే అవకాశం 1 పక్కన 28 సున్నాలు గల సంఖ్యలో ఒక వంతు మాత్రమే. అయినా అటువంటి షిగెల్లా తరచుగా కనబడసాగింది. ఒకే మందు వాడిన రోగిలోనూ నాలుగింటికీ నిరోధకత బయటపడింది. ఒకే రోగిలో మందులకు లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ ఉండేవి. ఉత్పరివర్తన సిద్ధాంతం ఒక్కటే ఈ స్థితిని వివరించలేకపోయింది.

3. పొరుగు నుంచి అందిన సొత్తు

పేగులో సహజంగా నివసించే ఇ.కోలై నుంచి షిగెల్లాకు నిరోధకత బదిలీ అవుతూ ఉండవచ్చునని టొమోయిచిరో అకిబా భావించాడు. 1959లో అకిబా బృందం, కునితారో ఓచియాయి బృందం విడివిడిగా దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించాయి. మందులకు లొంగని ఇ.కోలైను, లొంగే షిగెల్లాను కలిపి పెంచినప్పుడు షిగెల్లా నాలుగు మందులనూ తట్టుకోగలిగింది. కణాలను వడపోసి తీసివేసిన ద్రవంతో మాత్రం ఆ మార్పు రాలేదు. అంటే బదిలీకి కణాలు ఒకదానినొకటి తాకడం అవసరం. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ కనుగొన్న బాక్టీరియా సంయుగ్మానికి ఈ విధంగా వైద్యపరమైన ప్రాధాన్యం ఏర్పడింది. త్సుతోము వతనబె 1963లో ఆంగ్లంలో రాసిన సమీక్షావ్యాసం శీర్షికలోనే దీనిని ‘సంక్రమించే వారసత్వం’గా పేర్కొన్నాడు. వ్యాధిలాగా వారసత్వం కూడా అంటుకుంటుందన్న ఆ పదబంధం ఈ మలుపునంతటినీ సూచిస్తుంది.

ఈ జన్యువులను మోసేది క్రోమోజోముతో నిమిత్తం లేకుండా తనను తాను ప్రతికృతి చేసుకునే ప్లాస్మిడ్ అనే డి.ఎన్.ఎ. వలయం. దానిమీది ఒక జన్యువు క్లోరాంఫెనికాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును తయారుచేస్తుంది. మరొకటి టెట్రాసైక్లిన్‌ను కణం వెలుపలికి తోసివేసే పంపును నిర్మిస్తుంది. ఇంకొకటి సల్ఫా మందు అడ్డుకోలేని ప్రత్యామ్నాయ ఎంజైమును సమకూరుస్తుంది. ఈ జన్యువులు ఒక డి.ఎన్.ఎ. నుంచి మరొకదానికి దూకగలవు కూడా. అలా దూకే భాగాలకు 1974లో హెడ్జెస్, జాకబ్ ‘ట్రాన్స్‌పోజాన్’ అని పేరు పెట్టారు.

4. పసిపిల్లలపై ప్రభావం

ఈ జ్ఞానం ప్రయోగశాలకే పరిమితం కాలేదు. 1967-68లో ఇంగ్లండులోని మిడిల్స్‌బరో ప్రాంతంలో ఔషధ నిరోధక ఇ.కోలై వల్ల అతిసారం సోకి పలువురు శిశువులు మరణించారు. పశువుల ఎదుగుదల కోసం మేతలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ కలపడాన్ని నియంత్రించాలని 1969లో స్వాన్ కమిటీ సిఫార్సు చేయడానికి దోహదపడిన ఆందోళనలలో ఈ ఘటన కూడా ఉంది.

2016 నవంబరులో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం హైదరాబాదులో టైఫాయిడ్ కొత్త రూపంలో తలెత్తింది. రోగులలో అత్యధికులు పిల్లలే. పాత మందుల నిరోధక జన్యువులు ఆ బాక్టీరియా క్రోమోజోములోనే స్థిరపడి ఉన్నాయి. వాటికి తోడు, మూడవ తరం సెఫలోస్పోరిన్లను ఛేదించే జన్యువును మోసే ప్లాస్మిడ్ వచ్చి చేరింది. దానికి దగ్గరి పోలిక గల ప్లాస్మిడ్ ఇ.కోలైలో ఉన్నట్లు 2018లో ప్రచురితమైన జన్యుక్రమ విశ్లేషణ వెల్లడించింది. నోటిద్వారా ఇవ్వదగిన మందులలో నమ్మదగినదిగా అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ నగర బాలలకు 2018లో వేసిన సంయుగ్మ టీకా మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసినది. 2019లో పాకిస్తాన్ ఈ రకం టీకాను జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చుకుంది. ఆ పని చేసిన మొదటి దేశం అదే.

5. ముగింపు

ఔషధ నిరోధకతను ఒక్కొక్క వ్యాధి చరిత్రగా రాయడం సరిపోదని పై పరిశీలన తెలుపుతున్నది. జపాన్‌లోనూ సింధ్‌లోనూ రోగం తెచ్చిన బాక్టీరియా వేరు. నిరోధకత ఇచ్చిన పొరుగుజీవి మాత్రం రెండుచోట్లా ఇ.కోలై వైపే దృష్టి మళ్లిస్తుంది. వైరస్ వల్ల విరేచనాలైన బిడ్డకు యాంటీబయోటిక్ ఇస్తే వైరస్ చావదు. పేగులోని మామూలు బాక్టీరియాలో మందుకు లొంగేవి నశించి, లొంగనివి మిగులుతాయి. రేపు ఆ పేగులో ప్రవేశించే టైఫాయిడ్ బాక్టీరియాకు అవసరమైన జన్యువు ఆ మిగిలినవాటిలోనే ఉండవచ్చు. కనుక శుభ్రమైన నీరు, టీకా, మందుల మితవినియోగం అనే మూడింటినీ వేర్వేరు అంశాలుగా కాక ఒకే చరిత్రలోని భాగాలుగా అధ్యయనం చేయవలసి ఉంది.