హైడ్రాలిక్ బ్రేకు

హైడ్రాలిక్ బ్రేకు అంటే డ్రైవరు పెడల్ మీద వేసిన బలాన్ని గొట్టాల్లోని ద్రవం ద్వారా చక్రాలకు చేరవేసే ఏర్పాటు. 1921లో అమెరికాలో ఒక ఖరీదైన కారుతో మార్కెట్లోకి వచ్చి, నేడు దాదాపు ప్రతి కారులోనూ స్థిరపడింది. ఈ నూరేళ్లలో దాని మూలసూత్రం మారలేదు. మారుతూ వచ్చినవి ముఖ్యంగా రెండు: ద్రవం, దాన్ని కారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు. మెకానిక్ చేసే బ్రేకు సర్వీసులో ముఖ్యమైన పనులు ఈ రెండింటి చుట్టూనే ఉంటాయి.

తొలినాటి కార్లలో పెడల్‌కూ చక్రానికీ మధ్య ఇనప కడ్డీలు, కేబుళ్లు ఉండేవి. 1902లో లూయీ రెనో డ్రమ్ బ్రేకును రూపొందించాడు. అదే ఏడు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. బలాన్ని చేరవేసే దారి మాత్రం కడ్డీలదే. ఒక కేబుల్ కాస్త సాగినా, ఒక కీలు తుప్పు పట్టినా ఆ చక్రానికి బ్రేకు తక్కువ అంది బండి పక్కకు లాగేది. స్టీరింగుతో పాటు తిరిగే ముందు చక్రాలకు కడ్డీలు అమర్చడం మరీ కష్టం. అందుకే చాలా కార్లకు వెనక చక్రాలకే బ్రేకులుండేవి.

దీనికి విరుగుడు 17వ శతాబ్దంలోనే బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రంలో ఉంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఎక్కడ ఒత్తిడి పెట్టినా అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. 1795లో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్ తయారుచేశాడు. కారులో దీని శక్తి ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. పాదం 20 కిలోల బలంతో నొక్కితే, అయిదింతలు చేసే పెడల్ దాన్ని 100 కిలోలు చేస్తుంది. పెడల్ నెట్టే పిస్టన్ ఉన్న మాస్టర్ సిలిండర్ వ్యాసం 2 సెంటీమీటర్లయితే ద్రవంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 32 కిలోల ఒత్తిడి పుడుతుంది. అదే ఒత్తిడి చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లోని 5 సెంటీమీటర్ల పిస్టన్ మీద పడితే 625 కిలోల బలమవుతుంది. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ అందేది ఒకే ఒత్తిడి.

ఈ ఆలోచనను కారుకు పనికొచ్చేలా మలచినవాడు మాల్కమ్ లాక్‌హీడ్. విమానాల కంపెనీకి పేరైన ఆలన్ లాక్‌హీడ్‌కు సోదరుడు. 1917లో పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అదే ఏడు ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో అలాంటి బ్రేకులున్న డ్యూసెన్‌బర్గ్ కారుతో జిమ్మీ మర్ఫీ గెలిచాడు. అయితే తోలు సీళ్లు కారేవి. వాటి స్థానంలో రబ్బరు కప్పులు పెట్టి, 1924లో క్రైస్లర్ ఈ బ్రేకును మధ్యతరగతి కారులోకి తెచ్చింది. నా దృష్టిలో పేటెంటు కంటే ఈ రబ్బరు కప్పే పెద్ద మలుపు. ద్రవం కారుతుందన్న భయం పోయాకే జనం దీన్ని నమ్మారు. ఫోర్డ్ మాత్రం 1939 మోడళ్ల దాకా కడ్డీలను, కేబుళ్లను వదల్లేదు.

తొలినాళ్లలో వాడిన బ్రేక్ ఆయిళ్లలో ఒకటి ఆముదం, ఆల్కహాల్ కలిపిన మిశ్రమం. ఆముదం రబ్బరుకు హాని చేయదు. కానీ ఆల్కహాల్ వేడికి తొందరగా మరుగుతుంది. తరవాత గ్లైకాల్ ఈథర్ ద్రవాలు వచ్చాయి. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 కనీసం 230 దాకా మరగకూడదు. వీటి బలహీనత గాల్లోని తేమను పీల్చుకోవడం. నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దులు 140కీ, 155కీ పడిపోతాయి. తిరుమల ఘాట్ లాంటి దిగుడు రోడ్డులో పెడల్ మీద నుంచి కాలు తీయకుండా దిగితే క్యాలిపర్ వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి ఒత్తిడికి కుంచించుకుపోతుంది, ద్రవం కుంచించుకోదు. పెడల్ అడుగుకు పోతుంది, బండి ఆగదు. చాలామంది తయారీదారులు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలనేదీ ఇందుకే. పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు (వాషర్లు) ఉబ్బి వ్యవస్థ మొత్తం పాడవుతుంది.

డిస్క్ బ్రేకు తన సత్తా చూపింది 1953 లె మాన్ పోటీలో, జాగ్వార్ సి-టైప్ గెలుపుతో. 1955లో సిట్రోయెన్ డీఎస్ దాన్ని ఇంటి కారులోకి తెచ్చింది. డ్రమ్ములో లోపలి నుంచి ఒరుసుకునే షూ తనంతట తాను బిగుసుకునే గుణం డిస్కుకు లేదు. అందుకే పాదానికి సాయంగా వాక్యూమ్ బూస్టర్ అవసరమైంది.

అప్పటికి చాలా కార్లలో ద్రవానికి దారి ఒకటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయేవి. రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చాక ఒక దారి పోయినా రెండోది పనిచేస్తుంది. 1968లో అమెరికా చట్టం దాన్ని తప్పనిసరి చేసింది.

మన రోడ్ల మీద అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని చాలా ఏళ్లు డ్రమ్ములతోనే నడిచాయి. పాత మెకానిక్‌లు పెడల్ తీరును బట్టే జబ్బు చెప్పగలిగేవారు, ఆ గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి. పెడల్ మెత్తగా దిగి, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడితే ఎయిర్ పట్టిందని, అంటే గొట్టాల్లో గాలి చేరిందని అనుమానించాలి. కాలు అలాగే ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనబడకపోతే మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయుంటాయి. బండి పక్కకు లాగితే ఒక వైపు పిస్టన్ బిగుసుకుందేమో చూడాలి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గడం అన్నిసార్లూ లీకు కాదు: ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకొచ్చి ఆ మేరకు ద్రవాన్ని తీసుకుంటాయి. ఎయిర్ తీసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, మరొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేసి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. డబ్బా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది.

1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) వచ్చింది. చక్రం జారబోతుంటే కంప్యూటర్ ఆ చక్రానికి ఒత్తిడిని సెకనుకు పలుమార్లు తగ్గించి పెంచుతుంది. భారతదేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. దీనితో సర్వీసు పని కొంచెం మారింది. ఏబీఎస్ యూనిట్ వాల్వుల్లో చిక్కిన గాలి చాలాసార్లు పెడల్ తొక్కితే బయటికి రాదు. స్కానర్ తగిలించి ఆ వాల్వులను ఆడిస్తూ తీయాలి.