లోపెరా, ఫ్రాన్సిస్కో

ఫ్రాన్సిస్కో లోపెరా (1951–2024) దక్షిణ అమెరికా ఖండమందలి కొలంబియా దేశపు నాడీవైద్యుడు. వంశానుగతముగా నడివయస్సుననే దాపురించు ఆల్జైమర్ వ్యాధిని నాలుగు దశాబ్దములు పరిశోధించి, ఆ వ్యాధి పట్టిన కుటుంబములకు కడవరకు అండగా నిలిచినవాడు. అంటియోకియా మండలమందలి శాంతా రోసా దె ఓసోస్ ఇతని జన్మస్థలము. అంటియోకియా విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి, పిమ్మట బెల్జియమునను శిక్షణ పొందెను.

1980వ దశకపు తొలినాళ్లలో, ఏబది యేండ్లైన నిండకయే జ్ఞాపకశక్తి నశించిన రోగి యొకడు ఇతనికడకు వచ్చెను. ఆతని తండ్రికిని తోబుట్టువులకును అదే గతి పట్టెనని వినిన లోపెరా, ఆసుపత్రిలో కూర్చుండక, ఆండీస్ కొండపల్లెలకు స్వయముగా పోయి, ఇంటింట పెద్దల నడిగియు, చర్చీలలోని జ్ఞానస్నాన పట్టికలను తిరుగవేసియు, ఆ కుటుంబముల వంశవృక్షమును కూర్చెను. ఆ పల్లెలవారు ఈ జబ్బును చేతబడియనియు శాపమనియు నమ్ముచుండిరి. గెరిల్లాలును మాదకద్రవ్యముల ముఠాలును తిరుగాడు దారులవి. ఇతని బృందమందలి నర్సు నొకామెను ఎత్తుకొనిపోయి, కొన్నిదినములకు విడిచిపెట్టిరి.

అమెరికా శాస్త్రజ్ఞుడు కెన్నెత్ కోసిక్ మొదలగువారి తోడ్పాటుతో 1995లో మూలకారణము బయల్పడెను. 14వ క్రోమోసోముపైనున్న ప్రిసెనిలిన్-1 జన్యువున ఒకే యొక్క మార్పు, దానిచే ఆ ప్రోటీనునందు 280వ స్థానమున గ్లూటమిక్ ఆమ్లమునకు మారుగా అలనిన్ చేరుట, ఇంత వినాశమునకును హేతువు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపమున్నచో బిడ్డలలో ప్రతివారికిని అది సంక్రమించుటకు సగపాలు అవకాశము కలదు. సుమారు 6,000 మంది గల ఆ బంధువర్గమున 1,200 మందికి ఈ లోపమున్నట్లు అంచనా. వీరికి సగటున 44వ యేట మతిమరపు పొడసూపి, 49వ యేటికి చిత్తవైకల్యముగా ముదురును.

మెడెలిన్ నగరమందలి ఇతని బృందము మరణించిన రోగుల మెదళ్లను వందలకొలది దానముగా స్వీకరించి భద్రపరచినది. శోకమున మునిగిన యింట ఇట్టి దానమును యాచించుట, ఏండ్లతరబడి ఆ రోగిని కనిపెట్టియున్న వైద్యునికిగాని చెల్లదు.

ఈ బంధువర్గమందే 2013లో ఆరంభమైన, వ్యాధిని ముందుగా నివారింపజూచు క్రెనెజుమాబ్ ఔషధపరీక్షలో 252 మంది పాల్గొనిరి. పరీక్షలో చేరినంతమాత్రమున ఎవరికిని తమ జన్యుస్థితి తెలియరాదని, లోపము లేనివారిని గూడ చేర్చుకొని వారికి మందులేని సూదులే యిచ్చిరి. ఈ యొక్క యేర్పాటును బట్టియే ఆ పరిశోధకుల హృదయము తెలియును. 2022లో వెలువడిన ఫలితము మాత్రము నిరాశనే మిగిల్చినది.

అంతకు మున్నే, 2019లో, ఒక విచిత్రవిషయము లోకమునకు వెల్లడియైనది. లోపముండియు డెబ్బదుల వయస్సు వరకు మతి చెడని యొక స్త్రీకి, క్రైస్ట్‌చర్చ్ అను మరియొక అరుదైన జన్యుమార్పు తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించియుండెను. ఆమె మెదడున ఈ వ్యాధిలో పేరుకొను అమిలాయిడ్ అను ప్రోటీను మిక్కుటముగా పేరుకొనియున్నను, టౌ ప్రోటీను చేటు స్వల్పమే. ఆ రక్షణను ఔషధముచే అనుకరింపవచ్చునా యను అన్వేషణ నేటికిని సాగుచున్నది. లోపెరా 2024లో, ఆల్జైమర్ పరిశోధనకై యిచ్చు పొటాంకిన్ బహుమానము నందుకొని, ఆ యేటనే సెప్టెంబరు 10వ తేదీన కాలధర్మము నొందెను.